రాయి మీద పెట్టిన తువ్వాలు

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. మా మనవరాలు బడిలో చేరిన ఏడు, అది పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. నాకు అక్షరాలు అలా వచ్చాయి. ఒత్తులు ఇప్పటికీ ఒక్కోసారి పక్క అక్షరం కింద పడతాయి. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. ఎవరు ఎలా నిలబడ్డారో, ఎండ ఎలా కాసిందో రాయడం నాకు చేతకాదు. అందుకని ఆ రోజు అన్న మాటలు అన్నట్టే పెడుతున్నాను.

ఆళ్లగడ్డలో ఒక కల్యాణ మండపం వెనక, కొళాయి దగ్గర. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా, జట్టుకి నలుగురు ఒకరి తర్వాత ఒకరు తువ్వాలు అందించుకుంటూ ఉరికే జట్ల పరుగు అయిపోయింది. నేను కాళ్లు కడుక్కుంటుంటే మా పరుగు క్లబ్బు కెప్టెన్ సాల్మన్ రాజన్న వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. మా చర్చికి వచ్చే ఆయనే.

“అది కాదక్కా, ఫోన్ ఎందుకు ఎత్తవు నువ్వు?”

“ఫోన్ వ్యాన్‌లో సంచిలో ఉండాది రాజన్నా. పరుగెత్తేటోళ్లు ఫోన్ పట్టుకోగూడదని నువ్వే గదా చెప్పింది.”

“చెప్పినాలే. నల్లగట్ల కాడ నీ వంతు అయిపోతానే ఆటో ఎక్కి రమ్మని గూడా చెప్పినా. అది వినపడలేదా? షేర్ ఆటోలు ఎన్ని పోతాంటాయి ఆ రోడ్డుకి.”

“పోతాన్నాయి. ఒకాయన ఆపి అడిగినాడు గూడా. ఎక్కలే.”

“ఎందుకు ఎక్కలే?”

“ఈశ్వరమ్మ ఎట్లుంది?”

“వ్యాన్‌లో పండుకోనుంది. ఐసుగడ్డ పెట్టినారు. మాట మార్చొద్దక్కా.”

“పిక్క వాపు తగ్గిందా?”

“తగ్గుతుంది. ఆమెకి మొండి ఎక్కువ. సగం దూరంలోనే పిక్క పట్టేసింది. నేను వ్యాన్ పక్కన పోనిచ్చి చెప్పినా. ఈశ్వరమ్మా, వయసైనోళ్ల జట్లకి ఆ సౌకర్యం పెట్టినారు, చేతగానోళ్ల వంతు గూడా వాళ్ల ముందు పరుగెత్తినోళ్లే ఎత్తుకోవచ్చు, ఆ తువ్వాలు నాకియ్యి, నేను ఉరుకుతా అని. ఇయ్యలే. కుంటుకుంటానే శిరివెళ్ల మెట్ట దాకా వచ్చి నీ భుజాన ఏసింది.”

“నా భుజాన ఏసి నవ్వింది రాజన్నా. కండ్లల్లో నీళ్లు కారతాన్నాయి, నవ్వతాంది.”

“ఆ కష్టమంతా బూడిదలో పోసినట్టు అయితాంది ఇప్పుడు. నీకు తెల్దు ఈడ ఏం జరిగిందో.”

“ఏం జరిగింది?”

“మనల్ని పక్కన పెట్టినారు. దొంగ పరుగు అంటాండారు.”

“మనల్నా?”

“మన ముసలి జట్లు రెండిట్లో శ్రీకాంత్ వాళ్లది బాగానే వచ్చింది, వాళ్ల జోలికి ఎవరూ పోలే. మన జట్టుకే వచ్చింది తంటా. నీ తర్వాత ఉరికిన నాగార్జున సార్ గీత దాటినాడు. మూడో బహుమానం మనకే అన్నారు. దండ ఏసినారు, ఫోటోలు దిగినాం. ఆ తర్వాత తువ్వాలు తీసి చూసినారు. ఒక్క ముద్ర లేదు దాని మీద.”

“ముద్ర లేదా?”

“ఒక్కటి లేదు. మనిషి మారిన చోటల్లా నీలం ముద్ర పడాల గదా. నేను ఈశ్వరమ్మకి ఇచ్చినప్పుడు ఒకటి పడింది, ఆమె నీకిచ్చినప్పుడు ఒకటి పడింది. నీకు నల్లగట్ల కాడ పడిందా లేదా?”

“పడింది. ముద్రాయన తువ్వాలు అంచు పట్టుకోని గట్టిగా వొత్తినాడు. వొత్తి ఎనకొచ్చే జట్టు తట్టు పొయ్యినాడు.”

“మరి అదీ సంగతి. మూడు ముద్రలు ఉండాల్సిన తువ్వాలు అంగట్లోంచి తెచ్చినట్టు తెల్లగా, పొడిగా ఉండాది. నలుగురు ముసలోళ్లు ఎండలో మోసుకొచ్చిన గుడ్డ పొడిగా ఎట్లుంటుందప్పా అని అడుగుతాండారు. ఆయన కారులో వచ్చి ఊరి మొదట్లో దిగి పరుగెత్తినాడంట.”

“కారులో రాలే. పరుగెత్తే వచ్చినాడు. ఆ పాపం ఆయనకి లేదు.”

“నాకు తెల్దా? ఆ మాటే చెప్తే, మరి ముద్రల తువ్వాలు ఏది అంటాండారు. పొద్దున మైకులో విన్నావు గదా. ఈ పరుగులో కర్ర లేదు, తువ్వాలే కర్ర. తువ్వాలు గీత దాటితేనే జట్టు దాటినట్టు. మనిషి దాటితే లెక్కలేదు.”

“విన్నా.”

“అందుకని అక్కా, ఇప్పుడు నిన్ను పిలుస్తారు. పిలిస్తే నువ్వు ఒక్క మాట చెప్పాల. తువ్వాలు గాలికెగిరి కేసీ కాలవలో పడింది, కొట్టుకపోయింది. ఇంకోటి కప్పుకోని ఉరకమని సార్‌కి నేనే చెప్పినా. అంతే.”

“నా చేతిలోంచి పడిందనా?”

“పెద్ద మనిషి, అలిసిపోయింది, చేయి జారింది అనుకుంటారు. నిన్ను ఎవరూ ఏమనరు.”

“కాలవ ఆ మలుపులో లేనే లేదు రాజన్నా.”

“వాళ్లు పోయి చూస్తారా ఏంది?”

“ఈ మాట నీదా, ఆయనదా?”

“ఇద్దరం అనుకున్నాం.”

“ఇద్దరూ అనుకున్నారు. నా చెయ్యి జారిందని ఇద్దరూ అనుకున్నారు. అసలు తువ్వాలు ఏమైందని చెప్పినాడు ఆయన నీకు?”

“బాగా తడిసిపోయింది, పిండినా కారతాంది, బరువైతాదని వదిలేసినా అన్నాడు.”

“పిండినాడంటనా?”

“అట్లనే అన్నాడు.”

“చేత్తో పట్టుకుంటే గదా పిండేది.”

“అంటే?”

“ఏం లేదులే. ఆ సబ్బు ఇటియ్యి.”

“చెప్పు అక్కా.”

“చెప్తే ఏం చేస్తావు? నువ్వు గూడా ఆయనతో కలిసి అనుకోనొచ్చినావు గదా.”

“చెప్పు.”

“భుజం మీద నుంచి తీసినా. రెండు చేతుల్తో పట్టుకోని ముందుకి చాపినా, నువ్వు నేర్పిచ్చినట్టే. ఆయన నిలబడిన చోటనే ఎగురుతాండాడు. నా మొకం చూడలే, తువ్వాలు చూసినాడు. చూసి, ఆ రాయి మీద పెట్టు అన్నాడు.”

“ఏ రాయి?”

“కిలోమీటరు రాయి. పసుపు రంగేసి ఉండాది చూడు, అది. బూటు లేసు కట్టుకుంటాడేమో, కట్టుకోని తీసుకుంటాడు అనుకున్నా. పెట్టినా. పెట్టి పక్కకి జరిగినా. ఆయన నడుములోంచి మడతపెట్టిన తువ్వాలు తీసి విదిలిచ్చి భుజాన ఏసుకున్నాడు. పొయ్యినాడు.”

“హడావుడిలో ఏదో…”

“మడతపెట్టి నడుములో దోపుకోనొచ్చినాడు రాజన్నా. హడావుడి యాడిది? ఇంటికాడే అనుకోని బయల్దేరినాడు.”

“అట్ల అనుకోగూడదక్కా.”

“మా అమ్మ కూలికి పొయ్యినప్పుడు దుడ్లు చేతికి ఇచ్చేటోళ్లు కాదు. అరుగు మీద పెట్టేటోళ్లు. ఆమె కొంగుతో తుడిచి తీసుకునేది. అది చూసినా నేను, చిన్నప్పుడు. ఈ కాలంలో, పొట్టి ప్యాంటు ఏసుకోని బూట్లేసుకోని ఉరికే కాడ గూడా రాయి వెతికినాడే ఆయన. అది ఎట్ల కనపడింది ఆయన కంటికి?”

“గట్టిగా మాట్లాడొద్దు. జనం ఉన్నారు.”

“సరే, మెల్లగానే అడుగుతా. ఆ పొడి తువ్వాలు యాడిది? జట్టుకి ఒకటే ఇస్తారు గదా.”

“ప్రాక్టీసుకని ముందే ఒకటి ఇచ్చినారు. అదీ ఇదీ ఒకటే రకం.”

“ప్రాక్టీసుది నీ దగ్గర ఉండె గదా.”

“ఉండె.”

“ఆయనకి ఎవరిచ్చినారు?”

“…నేనే. మొన్న వచ్చి అడిగినాడు. ఒకటి నా దగ్గర పెట్టుకుంటా రాజూ అన్నాడు.”

“ఎందుకు సార్ అని అడగలేదా?”

“అడగలే.”

“తెలుసు గనక అడగలే.”

“అక్కా, నువ్వు కోపంలో ఉండావు. తన ముందు వంతులో నిన్ను పెట్టొద్దని చెప్పినాడు ఆయన నాకు. నన్ను పెట్టుకోమన్నాడు. నేను పెట్టుకోలే. నిన్నే పెట్టినా. మన హన్నమ్మక్కకి దమ్ము ఉండాది, మూడో వంతు ఆమెదే అని పట్టుబట్టినా. అది నువ్వు చూడాల.”

“అట్లనా. నీ చెమట ఆయనకి పనికొస్తాదా?”

“నేను సార్‌ని గదక్కా. వాళ్ల పిల్లోళ్లకి ఆటలు నేర్పినోడిని.”

“ఆయన ఇంటికి పొయ్యినప్పుడు టీ ఇస్తారా నీకు?”

“ఇస్తారు.”

“దేంట్లో?”

“ఇప్పుడు అదెందుకు?”

“దేంట్లో ఇస్తారు రాజన్నా?”

“పేపరు గ్లాసులో.”

“ఆయన దేంట్లో తాగుతాడు?”

“నేను చూడలే.”

“చెప్పు.”

“స్టీలు గ్లాసులో. వాళ్లింట్లో అలవాటు అంతే. వచ్చినోళ్లందరికీ అట్లనేనేమో.”

“శ్రీకాంత్ సార్‌కి గూడానా?”

“నాకు తెల్దు.”

“క్రిస్మస్‌కి గులాబీ పూల పిండివంట కాల్చి ఆయన ఇంటికి డబ్బా పంపిస్తి. మొన్న ఆయన డ్రైవరు కనపడి, అక్కా నువ్వు కాల్చిన గులాబీ పూలు మా పిల్లలకి శానా నచ్చినాయి అన్నాడు. అది గూడా నీకు తెలుసు గదా.”

“తెలుసు.”

“అన్నీ తెలుసు. తెలిసీ నన్ను తీసుకపోయి ఆ రాయి కాడ నిలబెట్టినావు. ఆయన మీద నాకు ఒకటే అసయ్యం రాజన్నా. నీ మీద రెండు.”

“నేనేం చేసినా? క్లబ్బు నడవాలంటే అందర్నీ కలుపుకోని పోవాల. వ్యాన్‌కి డీజిలు ఎవరు పోయిస్తాండారు అనుకుంటాండావ్? బూట్లు ఎవరు కొనిచ్చినారు నీకు? సుగరొచ్చి మంచాన పడబోతాంటే నిన్ను ఈ పరుగులోకి తెచ్చింది ఎవరు?”

“నువ్వే. కాదన్నానా?”

“మరి? ఒక్క మాట చెప్పలేవా?”

“ఉండు. ఆయనే వస్తాండాడు.”

“ఏందప్పా రాజూ, ఎంతసేపు? హన్నమ్మ, హన్నమ్మ అని మైకులో పిలుస్తాండారు లోపల. చెప్పినావా ఆమెకి?”

“చెప్తాండా నాగార్జున సార్.”

“ఏమ్మా హన్నమ్మా, బాగున్నావా? మంచిగా ఉరికినావు. నీ వయసుకి శానా గొప్ప.”

“మీకన్నా రెండేండ్లు చిన్నదాన్నే సార్.”

“అట్లనా? సరే సరే. రాజు చెప్పినాడు గదా. కాలవలో పడింది అంటే అయిపోతాది. వాళ్లు మనుషులు మంచోళ్లే. ఆడమనిషి మాట నమ్ముతారు.”

“నాకు పడలే సార్. మీరు రాయి మీద పెట్టమంటే పెట్టినా.”

“చూడమ్మా. నాకు చర్మానికి పడదు. అలర్జీ. డాక్టరు చెప్పినాడు, వేరేవాళ్ల చెమట తగిలితే దద్దుర్లు వస్తాయని. నీది అని కాదు, ఎవరిదైనా అంతే.”

“పోయిన ఏడు మహానంది పరుగులో శ్రీకాంత్ సార్ చెమట తువ్వాలు పండ్లతో కరుచుకోని ఫోటో దిగినారు. క్లబ్బు గోడకి ఉండాది సార్ ఆ ఫోటో. రోజూ దాని కిందనే మేము బూట్లు ఏసుకుంటాం.”

“అది… అప్పటికి ఈ అలర్జీ లేదు.”

“ఎప్పుడొచ్చింది సార్?”

“ఏం రాజూ, ఆమె ఏం మాట్లాడుతాంది? ప్లీడరు మాదిరి అడుగుతాంది.”

“అలిసిపోయింది సార్. అక్కా, ఊరుకో.”

“నేను అట్లాంటివి పట్టించుకునే మనిషిని కాదు హన్నమ్మా. నువ్వు తప్పుగా అనుకుంటాండావ్. మీ చర్చికి ఫ్యాన్లు ఇచ్చింది ఎవరు? అడుగు రాజుని.”

“ఇచ్చినారు సార్. అంగడోళ్లు తెచ్చి బిగిచ్చినారు. మీరు లోపలికి రాలే. కారులో కూర్చోని చూసినారు.”

“ఎండగా ఉండె ఆ రోజు.”

“ఫ్యాన్ల కింద సల్లగానే ఉండె సార్.”

“రాజూ, టైం లేదు నాకు. ఇదిగో హన్నమ్మా, ఒకటి ఆలోచన చెయ్యి. నువ్వు చెప్పకపోతే దొంగ క్లబ్బు అంటారు. రేపు పేపర్లో ఏస్తారు. నంద్యాలలో మనం పొద్దున రోడ్డెక్కితే జనం నవ్వుతారు. మళ్లీ ఏ పరుగుకీ రానియ్యరు మనల్ని. నన్నే కాదు, నిన్ను గూడా. పాపం ఆ ఈశ్వరమ్మ. నల్లమల నుంచి వచ్చి, కాలు పట్టేసినా కుంటుకుంటా ఉరికింది. ఆమె కష్టం దండగ గాదా?”

“నేనూ అదే అనుకున్నా సార్, రాయి కాడ నిలబడి.”

“ఆ. మరి?”

“ఆమె చెమట గూడా దాంట్లో ఉండాది గదా అనుకున్నా. రాజన్నది గూడా ఉండాది. మా ముగ్గురి చెమట రోడ్డు పక్కన పెట్టి ఎట్ల పోయేది? గేదెలు తొక్కుతాయి. మీరు మలుపు తిరిగి కనపడకుండా పొయ్యినాక మళ్ల చేతికి తీసుకున్నా.”

“తీసుకున్నావా? అంటే తువ్వాలు ఉందా?”

“ఉండాది.”

“మూడు ముద్రలూ?”

“మూడూ ఉండాయి. ఒకటి కొంచెం అలికింది.”

“మరి ఇంతసేపు చెప్పవే. చూసినావా రాజూ, ఊరికే భయపడినాం. ఇంకేం. తడిసిందని నడుములో దోపుకున్నా, ఆ మాట మర్చిపోయి పైది చూపిచ్చినా అని చెప్తా. మూడో బహుమానం మనదే. తే హన్నమ్మా, ఇటియ్యి.”

“చేతికి ఇయ్యమంటారా సార్?”

“ఇయ్యమ్మా, చేతికే ఇయ్యి.”

“తడిగానే ఉండాది. మీరు పొయ్యినాక ఇంకా తడిసింది.”

“పర్వాలేదులే. తే.”

“దద్దుర్లు వస్తాయేమో.”

“అక్కా, ఇచ్చెయ్యి. సార్ అడుగుతాండాడు గదా. నీకు పుణ్యముంటాది. యాడ పెట్టినావ్, సంచిలోనా?”

“నా సంచి వ్యాన్‌లో ఉండాది రాజన్నా, మర్చిపోయినావా? నా దగ్గర లేదు. ఇచ్చేసినా.”

“ఎవరికి?”

“గీత కాడ కూర్చున్నోళ్లకి.”

“ఎప్పుడు?”

“ఇందాక, నేను గీత దాటినప్పుడు.”

“నువ్వు గీత దాటేదేంది? ఆటోలో వస్తివి గదా.”

“ఆటో ఎక్కలేదని నీకు మొదటనే చెప్పినా. సార్ పొయ్యిన దావనే వచ్చినా. కొంచెం ఉరుకుతా, కొంచెం నడుస్తా. ఒక కాడ కూర్చున్నా గూడా. ఒక కొట్టు ఆయమ్మ మజ్జిగ పోసింది. గ్లాసు చేతికే ఇచ్చింది.”

“నల్లగట్ల నుంచి ఆళ్లగడ్డకి? నీ వంతు అయిపోయినాక?”

“చేతగానోళ్ల వంతు ముందు పరుగెత్తినోళ్లే ఎత్తుకోవచ్చని నువ్వే గదా చెప్పినావు ఈశ్వరమ్మకి.”

“అందుకేనా ఆ కాళ్లు అట్ల… అక్కా, ఆ వేలు నెత్తురు కారతాంది.”

“కడుగుతాండా గదా. దండలేసేటోళ్లు అందరూ లోపలికి పొయ్యినారు. ఉప్మా గూడా అయిపోయింది. గీత కాడ ఇద్దరే ఉన్నారు, గుంజలు పీకతాండారు. నన్ను చూసి మళ్ల నాటినారు. నేను దాటినాక పీకినారు.”

“అయితే మన జట్టు చేరినట్టు రాసుకున్నారా?”

“రాసుకున్నారు. అందరికన్నా ఎనక. కడాకరి జట్టు అని రాసుకున్నారు. దొంగ జట్టు అని రాసుకోలే. మైకులో పిలుస్తాండేది దానికే అనుకుంటా. ముగ్గురికీ మెడలో ఏసే బిళ్లలు ఇస్తామన్నారు.”

“ముగ్గురికేంది? నలుగురం గదా. హన్నమ్మా, నా సంగతి ఏం చెప్పినావు? నేను ముందే వచ్చినా గదా. వాళ్లు అడగలేదా?”

“అడిగినారు సార్. ముందు తెల్ల తువ్వాలుతో వచ్చినాయన మీ జట్టేనా, మీ నాలుగో మనిషేనా అన్నారు.”

“ఏం చెప్పినావు?”

“నల్లగట్ల కాడ మా తువ్వాలు అందుకోడానికి ఎవరూ రాలేదని చెప్పినా.”

ఇట్లు,
కొమ్ము హన్నమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉంటున్నది అవుకులో, మా పాప ఇంట్లో.